నలభై నాలుగు ఉదయాలు

శనివారం ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు, పిల్లల సామాన్లు అమ్మే దుకాణం రెండో అంతస్తులో, మూడు చక్రాల జాగింగ్ బండి పక్కన కూర్చుని ఉండగా, తాను పదకొండు వారాలుగా పరుగు మానేయడానికి కారణమంటూ ఏదీ లేదని ఆమెకు తెలిసింది.

చెప్పింది బళ్ళు చూపిస్తున్న అమ్మాయి. మెడలో కొలత టేపు వేసుకుని, గుడ్డతో హ్యాండిల్ తుడుస్తూ, వచ్చినప్పటి నుంచీ భర్త వైపే తిరిగి మాట్లాడుతోంది. వెనక చక్రాల్లో గాలి ఉంటుంది సార్, సైకిలుకు కొట్టినట్టే కొట్టుకోవచ్చు. ముందు చక్రానికి లాక్ ఉంది సార్, నడిచేటప్పుడు తీసేయాలి, పరుగెత్తేటప్పుడు వేయాలి. ఆ తర్వాత అదే గొంతుతో, బిడ్డకు ఎనిమిది నెలలు నిండేదాకా దీంతో పరుగెత్తకూడదు సార్, మెడ గట్టిపడాలి, కుదుపు తట్టుకోవాలి, అప్పటిదాకా నడకకే, అంది. ఆమె కింద కూర్చుని ముందు చక్రాన్ని వేలితో తిప్పి బేరింగు చప్పుడు వింటోంది. చక్రం తిరుగుతూనే ఉంది. తలెత్తింది.

“ఎనిమిది నెలలు ఎవరికి?”

“పాపకండీ.”

“తల్లికి?”

అమ్మాయి మళ్ళీ భర్త వైపు చూసింది, దీనికీ ఆయనే జవాబు చెప్పాలేమో అన్నట్టు. “తల్లికేముంటుందండీ. మీ డాక్టరు సరేనంటే చాలు కదా.”

గోడ పక్కన కుర్చీలో అత్తగారు పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. పాప ఆవిడ కళ్ళజోడు తాడు నోట్లో పెట్టుకుంది. ఇంట్లో పాపను మేనేజరు అంటారు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు పడుకోవాలో అందరికీ తనే చెబుతుంది కాబట్టి. మేనేజరు నోట్లోంచి తాడు లాగుతూ అత్తగారు, పిల్లల డాక్టరు కూడా అదే చెప్పాడు, పాపను కూర్చోబెట్టి పరుగులు పెట్టొద్దన్నాడు, నా ఎదురుగానే అన్నాడు, అంది. భర్త ఫోనులో తను వేసుకున్న బళ్ళ పట్టికను కిందికి జరుపుతున్నాడు.

నా ఎదురుగానే. అంటే ఆవిడకు తెలుసు, అతనికి తెలుసు, డాక్టరుకు తెలుసు, ఈ టేపు అమ్మాయికి కూడా తెలుసు. తెలియంది ఒక్క తనకే. పదకొండు వారాల కింద భర్త ఫోను వచ్చినప్పుడు ఆమె గోతిలో ఉంది. డిపోలో బస్సుల కిందికి దిగి చూడటానికి తవ్విన గొయ్యి అది, మనిషి లోతు, గోడలకు గ్రీజు, పైన బస్సు పొట్ట. ఆమె పని బ్రేకులు చూడటం. తొమ్మిదేళ్ళుగా అదే పని. డిపోలో కండక్టర్ల నుంచి క్యాంటీను ఆయన దాకా అందరూ బ్రేకక్క అంటారు. ఆ రోజు ఆమెకు తల మీద దీపం ఉంది, ఎడమ చేతిలో స్పానర్ ఉంది, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఉంది. పాపకు టీకా వేయించడానికి అతనూ అత్తగారూ వెళ్ళారు, ఆమెకు సెలవు దొరకలేదు. జ్వరం వస్తుందన్నారా అని ఆమె అడిగింది. రావచ్చట. ఇంకేమన్నారు. నువ్వు ఎనిమిది నెలల దాకా పరుగెత్తకూడదట, అన్నాడు. నువ్వు. ఆ మాట అన్నాడు. పాప అనలేదు, బండి అనలేదు, నువ్వు అన్నాడు. ఎందుకట అంటే, ఇక్కడ ఏడుస్తోంది, మళ్ళీ చేస్తా, అని పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి ఇంకోసారి అడిగింది. అతను సాక్సులు విప్పుతూ, అంత పెద్ద డాక్టరు ఊరికే చెప్తాడా, అన్నాడు. అక్కడితో అయిపోయింది. కాదు, అక్కడితో మొదలైంది. ఎందుకు వద్దని ఉంటాడా అని ఆమె తనలో తానే కారణాలు వెతుక్కోవడం అక్కడ మొదలైంది. పాలు తగ్గుతాయనా. కుట్ల లోపల ఏమైనా ఉందనా. తన గురించి వీళ్ళకు ఏదో చెప్పి తనకు చెప్పలేదా. స్నానం చేసేటప్పుడు కుట్టు గీత మీద వేలు పెట్టి నొక్కి చూసుకునేది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం కూడా అనుమానంగానే ఉండేది. తన డాక్టరు, అంటే కాన్పు చేసినావిడ, అంతకు వారం ముందే నొక్కి చూసి, మెల్లగా మొదలుపెట్టు, ఆయాసం వస్తే నడువు, అని పంపింది. ఆవిడకు ఫోను చేసి అడిగితే రెండు నిమిషాల్లో తేలేది. చేయలేదు. ఇక్కడికి వచ్చేసరికి మంట తన మీదికే తిరిగింది.

ఎందుకంటే ఆమె చూడకుండా సంతకం పెట్టదు. అది డిపో అంతా తెలిసిన సంగతే. ఒకసారి ఫోర్‌మన్ పైనుంచి వంగి, నేను చూశానమ్మా, బాగుంది, సంతకం పెట్టేయ్, బండి లేటవుతోంది, అన్నాడు. మీరు చూశారు కదా, మీరే పెట్టండి, అని మళ్ళీ గోతిలోకి దిగింది. నలభై నిమిషాలు ఆలస్యం. ప్రయాణికులు కిటికీల్లోంచి తిట్టారు. బ్రేకుల్లో ఏ లోపమూ లేదు. పైకొచ్చి చేతులు తుడుచుకుని అప్పుడు సంతకం పెట్టింది. ఫోర్‌మన్ నెల రోజులు ఆమెతో పెడమొహంగానే ఉన్నాడు. ఉంటే ఉన్నాడు. యాభై మంది ఎక్కే బస్సు. అలాంటి మనిషి తన ఒంటి విషయంలో, ఎవరో ఎక్కడో ఏదో అన్నారని ఇంకెవరో ఫోనులో చెబితే, గోతిలో నిలబడి సరే అంది. బస్సు కోసం దిగింది, తన కోసం దిగలేదు. మనసులోనే ఫోర్‌మన్‌తో, మీరైతే ఇలాంటి సంతకం పెట్టేవారా, అంది. ఫోర్‌మన్ నవ్వాడు.

“ఒకసారి తోసి చూడు,” అన్నాడు భర్త. అమ్మాయి సీట్లో ఎనిమిది కిలోల ఇసుక సంచి పెట్టి బెల్టులు బిగించింది. పాప బదులు అది. బళ్ళను తోసి చూడటానికి షాపు వెనక వైపు వాలు ఉన్న దారి ఒకటి కట్టారు, పన్నెండు అడుగుల వెడల్పు, ముప్పై మీటర్ల పొడవు, చివర రబ్బరు గోడ. ఆమె లేచి హ్యాండిల్ పట్టుకుంది. హ్యాండిల్ భర్త ఎత్తుకు పెట్టి ఉంది. దాన్ని ఎవరూ దించలేదు. ఆమె బొత్తాం నొక్కి తన నడుము దాకా దించుకుంది. మణికట్టుకు కట్టుకునే పట్టీ ఒకటి వేలాడుతోంది, చెయ్యి జారినా బండి పోకుండా. అది తగిలించుకుంది. నడిచింది.

ఆ నాలుగు రోజులు గుర్తొచ్చాయి. పరుగెత్తినవి నాలుగే రోజులు, డాక్టరు సరేనన్నాక, అతని ఫోను రాకముందు. డ్యూటీ ఏడింటికి. ఆమె పాపను అత్తగారికి అప్పగించి ఆరింటికే వెళ్ళేది. డిపో ప్రహరీ చుట్టూ పదకొండు వందల మీటర్లు. పెళ్ళికి ముందు ఆరు చుట్లు తిరిగేది, పెళ్ళయ్యాక ఆరు, పాప కడుపులో ఉన్నప్పుడు ఐదో నెల దాకా రెండు. కాన్పు తర్వాత పరుగెత్తిన మొదటి రోజు సగం చుట్టు తిరిగి గోడ పట్టుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి, ఎవరు తరుముతున్నారు బ్రేకక్కా, అని అడిగాడు. ఎవరూ తరమట్లేదు, అదే గొప్ప, అంది. ఆయనకు అర్థం కాలేదు, తల ఊపాడు. మూడో రోజు రెండో చుట్టులో పాలు కారి చొక్కా తడిసింది. గుర్తింపు కార్డును మధ్యకు లాక్కుని కప్పుకుంది, ఆగలేదు. నాలుగో రోజు రెండు చుట్లు పూర్తి చేసింది. రెండో చుట్టులో, వాషింగ్ షెడ్డు వెనక, గోడ వంపు తిరిగే చోట, ఎప్పటినుంచో రానిది వచ్చింది. అడుగూ ఊపిరీ ఒక లెక్కలో పడి, తల ఖాళీ అయింది. ఆ రెండు వందల మీటర్లు ఆమె ఎవరికీ ఏమీ కాదు. కోడలు కాదు, అమ్మ కాదు, అక్క కాదు, బ్రేకక్క కూడా కాదు. కాళ్ళు ఉన్నాయి, గోడ ఉంది. ఐదో రోజు టీకా. ఫోను. అంతే.

బండి బాగుంది. అదే కోపం తెప్పించింది. నాసిరకందైతే బాగుండేది, లోపాలు ఏకరువు పెట్టి బయటికి నడిచేది. వాలు దిగేటప్పుడు చేతి బ్రేకు నొక్కింది. మొదట మెత్తగా పట్టి, తర్వాత గట్టిగా పట్టింది, రెండు చక్రాలకూ ఒకేసారి. ఇలా పట్టే బ్రేకు చేయాలంటే చేసినవాడికి పని తెలిసుండాలి. కింద సర్దుకునే స్ప్రింగులు కుదుపును మింగేస్తున్నాయి, ఇసుక సంచి కదలలేదు. పట్టీ వదులుగా ఉంచి వెంట నడుస్తూ హ్యాండిల్ మీంచి చెయ్యి వదిలి చూసింది. పది మీటర్లలో రెండు వేళ్ళంత ఎడమకు లాగింది. ముందు చక్రం దగ్గర దారి సరిచేసే మర ఉంటుంది కదా, అని అడిగింది. అమ్మాయి మొదటిసారి ఆమె వైపు తిరిగి, ఉందండీ, మీకెలా తెలుసు, అంది. ఆమె చెప్పలేదు. మర అర చుట్టు తిప్పి మళ్ళీ వదిలింది. బండి గీత గీసినట్టు వెళ్ళింది. ఆ క్షణంలో, ఒక్క క్షణం, డిపో గోడ వెంట ఈ బండి, ఈ బండిలో మేనేజరు, టోపీ పెట్టుకుని, గాలికి కళ్ళు చికిలించి, వాచ్‌మన్‌కు చెయ్యి ఊపుతూ కనిపించింది. వారానికి ఒక రోజు అలా వెళ్ళినా బాగుండేది. ఈ బండి తనే కావాలని అడిగేదేమో. అడిగే వీలు ఎవరిచ్చారు. అడగకముందే తెచ్చి ముందు పెట్టారు, ఇదిగో నీ పరుగు, ఇందులోనే పాప, విడదీయడానికి లేదు అని. ఆ బొమ్మను తలలోంచి తోసేసింది. బండిని ఇష్టపడినందుకు కూడా ఒళ్ళు మండింది.

ఆమె అడిగింది బండి కాదు. మూడు వారాల కింద, అన్నాలు తిన్నాక, పళ్ళేలు తీస్తూ, ఎనిమిది నెలలు కావస్తున్నాయి కదా, నాకు పొద్దున్న ఒక గంట కావాలి, అంది. చూద్దాం, అన్నాడు. చూశాడు. నిజంగానే చూశాడు, అక్కడే వస్తుంది చిక్కు. ఆఫీసులో అతని పని బీమా దరఖాస్తులు పరిశీలించడం. ఏ విషయమైనా పట్టికలో పెడితే గాని అతనికి నిద్ర పట్టదు. మూడు వారాల పాటు బళ్ళను పట్టికలో పెట్టాడు. లిఫ్టు తలుపు వెడల్పు ఒక గడి. కారు డిక్కీ లోతు ఒక గడి. అమ్మ మోకాళ్ళకు తోయడం తేలికేనా, ఒక గడి. ఎండకు గొడుగు, వానకు కప్పు, కూరగాయలు పెట్టుకోవడానికి కింద బుట్ట, సీటు గుడ్డ ఉతకవచ్చా, మడిస్తే నిలబడుతుందా. పదకొండు గడులు. పరుగు అనే గడి లేదు, జాగింగ్ అనేది బండి పేరులోనే ఉంది కాబట్టి అవసరం లేదనుకున్నాడు. ఎవరు ఎదురైనా చెప్పేవాడు, మా ఆవిడ పరుగు కోసం బండి తీసుకుంటున్నాం అని. షటిల్ జట్టు వాళ్ళు భుజం తట్టారట, నీలాంటి మొగుడు దొరకడం అదృష్టం అన్నారట. వచ్చి ఆమెకే చెప్పాడు. షటిల్ మంగళవారం, గురువారం, ఆదివారం, పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర. బ్యాటు సంచి భుజాన వేసుకుని, తాళం చెవి తిప్పుకుంటూ వెళ్తాడు. ఆ బ్యాటుకు పాపను తగిలించే కొక్కెం ఏదైనా ఉందేమోనని ఏ షాపుకూ ఎవరూ వెళ్ళలేదు. పట్టిక ఎవరూ వేయలేదు. అతను వెళ్తాడు, అంతే. తలుపు వేసిన చప్పుడవుతుంది.

వాలు పైకి వచ్చింది. ఆయాసం లేదు. పట్టీ విప్పింది. పదకొండు వారాలు, వారానికి నాలుగు రోజులు. నలభై నాలుగు ఉదయాలు. ఆ నలభై నాలుగు ఉదయాలూ ఐదున్నరకే మెలకువ వచ్చింది, శరీరానికి ఎవరూ ఫోను చేసి చెప్పలేదు కదా. లేచి వరండాలో నిలబడి వీధి చూసేది. పాల వ్యాన్ చూసింది. ఎదురింటి రిటైర్డు లెక్కల మాస్టారు నడకకు వెళ్ళడం చూసింది, తిరిగి రావడం చూసింది. ఒకరోజు చెప్పులు లేకుండా మెట్లు దిగి గేటు దాకా వెళ్ళి మళ్ళీ ఎక్కింది. ఒళ్ళు బరువెక్కింది. డిపోలో గోతి మెట్లు ఎక్కుతుంటే మోకాలు పట్టేసేది. పాప మీద ఒకటి రెండుసార్లు విసుక్కుంది, తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి నీళ్ళు తిప్పి కూర్చుంది. అప్పుడు కూడా, ఎనిమిది నెలలు దాటితే అన్నీ సర్దుకుంటాయని తనకు తానే చెప్పుకుంది. శిక్ష పడిన మనిషి రోజులు లెక్కపెట్టుకున్నట్టు గోడ క్యాలెండర్ మీద లెక్కపెట్టుకుంది. ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఏ నేరమూ లేదు, ఏ జడ్జీ లేడు. సాక్సులు విప్పుతూ ఒక మనిషి అన్న మాట.

“ఎలా ఉంది?” అన్నాడు భర్త. “హ్యాండిల్ మళ్ళీ పైకి పెట్టు, నాకు ఫోటో తీయాలి.”

“టీకా రోజు నాకు ఫోనులో ఏం చెప్పావు?”

“ఏ టీకా?”

“నేను గోతిలో ఉన్నా. నువ్వు ఎనిమిది నెలల దాకా పరుగెత్తకూడదట అన్నావు.”

“అవును, డాక్టరు అన్నదే చెప్పా. ఈ అమ్మాయీ అదే చెప్పిందిగా ఇప్పుడు.”

“డాక్టరు అన్నది పాపను. నువ్వు అన్నది నన్ను.”

అతను ఫోను దించాడు. మొహంలో తప్పు చేసినవాడి జాడ లేదు. అర్థం కానివాడి జాడ ఉంది.

“రెండూ ఒకటే కదా. నువ్వు పరుగెత్తితే పాప ఎక్కడుంటుంది మరి?”

అమ్మాయి టేపు చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకసారి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

అబద్ధమాడి ఉంటే ఆమెకు తేలికయ్యేది. అబద్ధమైతే పట్టుకోవచ్చు, నిలదీయవచ్చు, నెల రోజులు మాట్లాడకుండా ఉండొచ్చు. అతను అబద్ధం ఆడలేదు. డాక్టరు బండి గురించి చెప్పాడు, అతని తలలో బండీ పాపా ఆమే ఒకే చోట ఉన్నాయి, అందులోంచి ఎవరి పేరు చెప్పినా ఒకటే అనుకున్నాడు. ఆమె పరుగెత్తిన ఆ నాలుగు రోజులు పాప ఎవరి దగ్గరుందో కూడా అతను ఆలోచించలేదు. పాప లేకుండా ఆమె గేటు దాటి పరుగెత్తుతుందన్న ఊహ అతనికి రాలేదు. ఆ రోజు రాలేదు, పదకొండు వారాల్లో రాలేదు, పట్టిక వేసిన మూడు వారాల్లో రాలేదు, ఇప్పుడు ఎదురుగా నిలబడి అడుగుతుంటే కూడా రావడం లేదు. ఈ మనిషి మొదటిసారి డిపోకు వచ్చింది గుద్దుకున్న బస్సు చూడటానికి. బీమా వాళ్ళు పంపారు. బ్రేకు ఎలా ఫెయిలైందో చెప్పమన్నాడు. ఆమె గోతిలోకి దింపి చూపించింది. కొత్త ప్యాంటుకు గ్రీజు అంటినా పట్టించుకోలేదు. గంట సేపు ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు, చివర్లో, అంటే తప్పు డ్రైవరుది కాదు కదా, అని అడిగాడు. అలా అడిగినవాడు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ గంట కోసమే ఆమె పెళ్ళికి ఒప్పుకుంది. ఆ చెవులే ఇవి. డ్రైవరు పక్షం విన్న చెవులు. గొంతులోకి వచ్చినవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఏది ముందు అనాలో తెలియలేదు, ఏదన్నా ఈ షాపులో అందరూ వింటారు.

“నేను నీకే మనసు లేక మానేశావనుకున్నానే అమ్మాయ్,” అంది అత్తగారు. పాప చేతిలోంచి కళ్ళజోడు విడిపించుకుని పెట్టుకుంది. “రోజూ ఐదున్నరకే లేచి కూర్చుంటున్నా, నువ్వెళ్తే పాపను అందుకుందామని. నువ్వు వరండాలో నిలబడతావు, వెళ్ళవు. అడిగితే ఏమనుకుంటావోనని ఊరుకున్నా.”

ఇది కూడా. ఇది కూడానా. ఇద్దరాడవాళ్ళు, ఒకే ఇంట్లో, ఒకే గంటకు, ఒకరు గదిలో, ఒకరు వరండాలో మెలకువగా ఉన్నారు. మధ్యలో ఒక తలుపు. అటువైపు అత్తగారు కోడలికి మనసు లేదనుకుంటోంది, ఇటువైపు అత్తగారు తనకేదో దాస్తోందని కోడలు అనుకుంటోంది. పడకగదిలో అతను గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అత్తగారి మీద కోపం తెచ్చుకుందామంటే కాసేపు వచ్చింది, నిలవలేదు. అడగనిది ఆవిడ ఒక్కతే కాదు. కానీ ఆవిడ లేచి కూర్చుంది. ఆ వయసులో, ఆ మోకాళ్ళతో. ఏడో నెల నుంచి పాప ఆవిడ చేతిలో పది కిలోల బియ్యం సంచిలా అనిపిస్తోందని ఆవిడే అంటుంది. ఒక చేత్తో పాపను ఎత్తుకుని ఇంకో చేత్తో గోడ పట్టుకుని వరండాలో తిప్పడం ఆమె చూసింది. పగలంతా పాప ఉండేది ఆవిడ దగ్గర. బండి తోయాల్సింది ఎవరో ఎవరైనా అడిగారా. మోకాళ్ళు పట్టికలో ఒక గడి, మనిషి లేదు.

ఆమె మూడు చక్రాల బండిని వాలు పక్కన నిలిపి కాలి బ్రేకు వేసింది. ఇసుక సంచి బెల్టులు విప్పలేదు. షాపులో అటువైపు వరసలో మామూలు బళ్ళున్నాయి, నాలుగు చక్రాలవి, ఎవరూ చూపించనివి, చిన్న చక్రాలు. ఒక్కొక్కటీ బయటికి లాగింది. మొదటిది మలుపులో మొరాయించింది. రెండో దాని లాక్ పడినట్టే పడి జారింది. దాన్ని వెనక్కి తోసి, ఇది ఎవరికీ అమ్మకండి, అని అమ్మాయితో అంది. అమ్మాయి తల ఊపి చీటీ అంటించింది. మూడో దాన్ని తలకిందులు చేసి చూసింది. మరలు చూసింది, పిన్నులు చూసింది, ఒక చేత్తో మడిచింది, తెరిచింది, ఆరుసార్లు. లాక్ వేసి భుజంతో నెట్టింది. కదలలేదు. భర్త వెనకే వచ్చి, ఇవి పట్టికలో లేవు, అన్నాడు. అత్తగారిని లేపి, పాపను అందులో కూర్చోబెట్టి బెల్టు పెట్టి, తోయండి అత్తయ్యా, అంది. ఆవిడ ఒక చేత్తో తోసింది. డైపర్ల వరస చివర దాకా వెళ్ళి, మలుపు తిరిగి, గోడ పట్టుకోకుండా వెనక్కి వచ్చింది. మేనేజరు రెండు చేతులతో ముందున్న కమ్మీని కొడుతోంది. ఆవిడ ఇంకో చుట్టు వెళ్ళింది. ఎవరూ వెళ్ళమనలేదు.

“ఇది తీసుకుందాం,” అంది ఆమె.

“మరి జాగింగ్ బండి?” అన్నాడు భర్త. “ఇంతసేపూ నీ కోసమే కదా చూశాం. మూడు వారాలు తిరిగాను నేను.”

“నేనడిగింది గంట.”

“అదే, ఆ గంట కోసమే కదా—”

“గంట అడిగాను. బండి అడగలేదు.” గొంతు పెంచలేదు. గోతిలోంచి పైవాళ్ళకు చెప్పేటప్పుడు ఎలా చెబుతుందో అలా చెప్పింది, ఒక్కో మాటకూ మధ్య ఖాళీ వదిలి. “రేపు ఆరింటికి నేను వెళ్తున్నా. ఒక్కదాన్నే. ఏడింటికి వస్తా.”

“రేపు ఆదివారం. నాకు షటిల్.”

“తెలుసు.”

అతను వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆ చూపు ఆమె చూసింది, ఆవిడా చూసింది. ఆవిడ నోరు తెరవబోయింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“మీరు కాదు అత్తయ్యా. మీరు పడుకోండి. లేచేది ఇతను.”

ఇంకా చాలా ఉన్నాయి అనాల్సినవి. నలభై నాలుగు ఉన్నాయి. వాటిని ఎవరూ తిరిగివ్వలేరు, అతను ఈ జన్మంతా షటిల్ మానేసినా. క్షమించమని అతను అనలేదు, అంటే ఏం చేయాలో ఆమె ఆలోచించుకోలేదు. అతను ఫోను తీశాడు. పట్టిక తెరిచాడు, చూశాడు, మూశాడు. జట్టు వాళ్ళ గుంపులో ఏదో రాయడం మొదలుపెట్టి, రాసింది చెరిపి, మళ్ళీ రాశాడు. పంపాడో లేదో ఆమె అడగలేదు. అమ్మాయి వచ్చి, ఈసారి ఆమె వైపే తిరిగి, విప్పి ఉంచినది కావాలా, సీలు వేసిన డబ్బా కావాలా అండీ, అని అడిగింది. నేను చూసిందే కావాలి, అంది ఆమె. చూడనిది తీసుకోను. అమ్మాయి పాపను దింపించి, ఆ బండినే మడిచి, దాని డబ్బాలో పెట్టి టేపు వేసింది.

పదకొండు గంటల ముప్పై ఏడు నిమిషాలకు బిల్లు మీద సంతకం ఆమె పెట్టింది. డబ్బాను భర్త మోశాడు. డబ్బా పక్క మీద, ఎర్ర గీతల గడిలో, అచ్చు వేసి ఉంది: ఈ బండితో పరుగెత్తరాదు.